రన్‌వే మీద పక్షుల్ని తరిమే సామగ్రి: ఏది నిలబడుతుంది, ఏది మూలన పడుతుంది

పక్షుల్ని తరిమే పరికరం ఏదైనా మొదటి రోజు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కంపెనీ మనిషి వచ్చి మీట నొక్కగానే గుంపు మొత్తం లేచి పోతుంది. చూస్తున్నవాళ్లు అక్కడికక్కడే సరే అనేస్తారు. మూడో వారం వచ్చేసరికి అవే పక్షులు ఆ పరికరం మీదే వాలి ఈకలు దువ్వుకుంటుంటాయి. అందుకే విమానాశ్రయాలు కొనే ఈ సామగ్రినంతా ఇక్కడ ఒకే కొలతతో తూచాం: కొత్తదనం పోయాక కూడా రన్‌వేని ఖాళీగా ఉంచగలదా, లేదా?

ఈ కొలత ఎందుకంత కఠినంగా ఉండాలో చెప్పడానికి ఒక్క ప్రమాదం చాలు. 1960 అక్టోబర్ 4న బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో పైకి లేచిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఎలక్ట్రా విమానం స్టార్లింగ్ పిట్టల గుంపులో చిక్కి కూలింది. 62 మంది చనిపోయారు. స్టార్లింగ్ గోరింక జాతి పిట్ట, బరువు సుమారు 80 గ్రాములు. అంటే చూడాల్సింది ఒక్క పిట్ట బరువు కాదు, గుంపు బరువు. ఇక పెద్ద పక్షి సంగతి: 2 కిలోల పక్షి గంటకు 250 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న విమానానికి తగిలితే దెబ్బ శక్తి దాదాపు 4,800 జౌళ్లు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు. ఇంజిన్లకు పెద్ద పక్షితో చేసే ధ్రువీకరణ పరీక్షలో, గాలి లోపలికి వెళ్లే ముఖద్వారం వైశాల్యాన్ని బట్టి, 1.85 నుంచి 3.65 కిలోల దాకా బరువున్న ఒక పక్షిని వాడతారు. ఆ పరీక్ష నెగ్గడమంటే ఇంజిన్ ఆ తర్వాత కూడా తిరుగుతుందని కాదు, ముక్కలై చెదిరిపోకుండా, మంటలు రేగకుండా ఆగుతుందని మాత్రమే. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో కెనడా బాతులు రెండు ఇంజిన్లలోకీ వెళ్లాక ఎయిర్‌బస్ ఏ320 హడ్సన్ నది మీద దిగాల్సి వచ్చింది. అందులోని 155 మందీ బతికారు.

విమానాలకు పక్షులు తగిలే ఘటనల్లో అధిక భాగం నేలకు 500 అడుగుల లోపే జరుగుతాయి. 3 డిగ్రీల వాలులో దిగే విమానం 500 అడుగుల ఎత్తులో ఉందంటే నేలను తాకడానికి ఇంకా 3 కిలోమీటర్లే ఉంది. ఆ దూరంలో పక్షి ఏం చేస్తుందన్నది చాలావరకు విమానాశ్రయం చేతుల్లోనే ఉంటుంది. కాబట్టి నేల మీద పెట్టే సామగ్రి గురించి పట్టించుకోవాల్సిందే.

మొదట గ్యాస్ ఫిరంగి. దీన్నే చాలాచోట్ల జోన్ గన్ అంటారు. సిలిండర్‌లోని ప్రొపేన్ రెగ్యులేటర్ ద్వారా చిన్న గదిలోకి చేరుతుంది, గాలితో కలుస్తుంది, నిప్పురవ్వ పడగానే పేలుతుంది. శబ్దం తుపాకీ పేల్చినట్టే ఉంటుంది. వెనక మాత్రం తుపాకీ ఉండదు, పక్షికి ఏ హానీ జరగదు. ఆ సంగతి పక్షికి త్వరగానే తెలిసిపోతుంది. ఒకేచోట పెట్టి, పది నిమిషాలకోసారి పేలేలా టైమర్ కట్టి వదిలేస్తే కొద్ది రోజుల్లోనే దాని పక్కన మేస్తుంటాయి. విమానాశ్రయాల్లో ఎక్కువగా కొనేదీ ఎక్కువగా వృథా అయ్యేదీ ఇదే.

దీన్ని పనికొచ్చేలా చేసుకునే దారి లేకపోలేదు. టైమర్ రకం వద్దు, వాహనం నుంచి రిమోట్‌తో పేల్చే రకం తీసుకోండి. పక్షులు నిజంగా వాలినప్పుడే పేల్చండి. వాలనప్పుడు అది నోరు మూసుకుని ఉండాలి. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి. పేలిన వెంటనే ఒక మనిషి కానీ వాహనం కానీ ఆ దిక్కున కదలాలి. శబ్దానికీ ప్రమాదానికీ ముడి పడినంత కాలమే పక్షి దానికి భయపడుతుంది. పేలకపోతే ముందు చూడాల్సినవి మూడు: తేమ పట్టిన నిప్పురవ్వ మొన, సాలీడు గూడు కట్టిన గ్యాస్ రంధ్రం, చిట్లిన డయాఫ్రమ్ (గ్యాస్‌ను అదుపు చేసే పలుచని పొర). వానాకాలంలో మొరాయించే వాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు కారణాల వల్లే. ఎండుగడ్డి మీద పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

శాశ్వతంగా బిగించే ఫిరంగుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రన్‌వే పక్కన సిమెంటు దిమ్మె కట్టి దాని మీద పెడదామంటే ఒప్పుకోకండి. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో జెజు ఎయిర్ విమానం చక్రాలు దించకుండా నేలకు దిగి, రన్‌వే దాటిపోయి, లోకలైజర్ (దిగే విమానానికి రన్‌వే మధ్య గీత దిశ చూపే రేడియో పరికరం) యాంటెన్నాలను మోస్తున్న కాంక్రీటు దిబ్బను ఢీకొంది. 179 మంది మరణించారు. దాని రెండు ఇంజిన్లలోనూ బైకాల్ బాతుల అవశేషాలు దొరికాయి. రన్‌వే చుట్టూ ఖాళీగా ఉంచే స్ట్రిప్‌లోనూ, రన్‌వే చివర భద్రతా ప్రాంతంలోనూ తప్పనిసరిగా ఉండాల్సిన ప్రతి వస్తువూ విమానం తగిలితే విరిగిపోయేలా ఉండాలి. పక్షుల్ని తరిమే సామగ్రికి ఇందులో మినహాయింపు లేదు. తప్పనిసరి కానివాటికి అక్కడ చోటే ఉండకూడదు.

అల్ట్రాసోనిక్ పరికరాలు: కొనకండి. చాలా పక్షుల చెవి బాగా పట్టుకునేది 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాన్నే. 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని వాటికి వినిపించదు. మనకు వినపడదు కనుక వాటికి వినపడుతుందన్నది అమ్మేవాళ్ల మాట. దీని గురించి ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

ఆపద కూతల స్పీకర్‌ది పూర్తిగా వేరే కథ. ఈ సమీక్షలో వాహనం మీద బిగించిన వాటిలో మొదటి స్థానం దీనిదే. గుంపుగా తిరిగే కొన్ని పక్షులు శత్రువు నోట చిక్కినప్పుడు ఒక ప్రత్యేకమైన కూత పెడతాయి. సీగల్స్, కాకులు, తీతువులు, స్టార్లింగ్‌లు అలాంటివి. ఆ కూత రికార్డింగ్ వినిపిస్తే అదే జాతి పక్షులు లేస్తాయి. అయితే చాలామంది ఇక్కడే తడబడతారు: అవి వెంటనే పారిపోవు. ఏం జరిగిందో చూడటానికి ముందు స్పీకర్ వైపే వస్తాయి, పైన చక్కర్లు కొడతాయి, ఆ తర్వాతే మెల్లగా దూరమవుతాయి. ఇది తెలియనివాళ్లు పక్షులు దగ్గరికి రావడం చూసి పరికరం పాడైందనుకుని ఆపేస్తారు. మధ్యలో ఆపితే పని సగంలో ఆగినట్టే.

వాడే పద్ధతి ఇది. విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ టవర్‌తో మాట్లాడి అనుమతి తీసుకోండి. గుంపుకు గాలి వచ్చే దిక్కున, సుమారు 100 మీటర్ల దూరంలో వాహనం ఆపండి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి మీ వైపే వస్తాయి, రన్‌వే మీదికి పోవు. ఆ జాతి కూతనే ఎంచుకుని 90 సెకన్ల దాకా వినిపించండి. అప్పటికీ లేవకపోతే అదే కూతను అరగంట సాగదీయకండి, అలా చేస్తే దాన్ని అలవాటు చేస్తున్నట్టే. ఆపి, వేరే పద్ధతికి మారండి. 140 నాట్ల (గంటకు సుమారు 260 కిలోమీటర్ల) వేగంతో దిగుతున్న విమానం 90 సెకన్లలో దాదాపు ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది. ఆ పైన పక్షులు చక్కర్లు కొట్టి చెదరడానికి మరో రెండు మూడు నిమిషాలు పడుతుంది. కాబట్టి ఫైనల్‌లోకి, అంటే రన్‌వేకి సూటిగా దిగే చివరి దశలోకి, విమానం వచ్చాక ఈ పని మొదలుపెట్టకూడదు. నేల మీద కుదురుగా మేస్తున్న గుంపు కంటే, దిగే విమానం దారిలో గాల్లో తిరుగుతున్న గుంపే పెద్ద ముప్పు.

కొనేటప్పుడు స్పీకర్ శక్తి చూడండి. మీటరు దూరంలో 120 డెసిబెల్స్ ఇచ్చే హారన్ 100 మీటర్ల దగ్గర సుమారు 80కి పడిపోతుంది, అడ్డుగాలి ఉంటే ఇంకా తగ్గుతుంది. అంతకంటే చిన్నది కొంటే పక్షికి మరీ దగ్గరగా వెళ్లాల్సి వస్తుంది. రికార్డింగ్ బాగా కుదించిన ఫైల్ కాకూడదు, కుదింపులో పై స్వరాలు పోతాయి. పెట్టెలో ఎన్ని కూతలున్నాయన్నది ముఖ్యం కాదు, మీ రన్‌వే మీద వాలే జాతుల కూతలు ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. వేరే ఖండపు సీగల్ కూతలు రెండు వందలున్నా మీ తీతువుకు ఒక్కటీ పట్టదు. ఇక పావురాలకు ఇలాంటి ఆపద కూతే లేదు. గద్దలు ఒంటరిగా వేటాడతాయి, వాటి మీద ఈ పరికరం ఆశ పెట్టుకోవద్దు. ఈ రెండూ మీ ప్రధాన సమస్య అయితే డబ్బు వేరేచోట పెట్టండి.

కూతకు జతగా ఉండాల్సింది పేలుడు తూటా. 15 మిల్లీమీటర్ల పిస్తోలుతో వేసే టపాసు రకాలు, ఈలవేస్తూ దూసుకుపోయే రకాలు, తుపాకీతో వేసే పెద్దవి దొరుకుతాయి. చిన్న టపాసు కొన్ని పదుల మీటర్ల దూరంలోనే పేలుతుంది. దూరం కావాలంటే పెద్ద రకం తప్పదు. పక్షుల మీదికి గురిపెట్టి వేయడం తప్పు. పేలుడు ఎప్పుడూ పక్షికీ రన్‌వేకీ మధ్య జరగాలి, అప్పుడే పక్షి రన్‌వేకి దూరంగా తిరుగుతుంది. పక్షికి అవతల పేలితే దాన్ని మీరే విమానం దారిలోకి తోసినట్టు. ఆపద కూత విని చక్కర్లు కొడుతున్న గుంపు తిరుగుముఖం పట్టే క్షణంలో ఒక్క తూటా వేస్తే, ముందే వేసిన నాలుగు తూటాల కంటే బాగా పనిచేస్తుంది.

ఇందులో తరచూ జరిగే తప్పులు రెండు. వేసిన తూటాల డొల్లలు, ప్లాస్టిక్ ముక్కలు లెక్కపెట్టి ఏరకపోవడం మొదటిది. రన్‌వే మీద అవి ఇంజిన్ మింగే చెత్తే. గొట్టంలో మసి పేరుకుని తూటా ఇరుక్కోవడం రెండోది. ప్రతి షిఫ్టు చివర బ్రష్‌తో తుడవాలి. పేలని తూటా ఉంటే కనీసం అర నిమిషం అదే దిక్కుకు చూపి ఉంచాలి, గొట్టం లోపలికి తొంగి చూడకూడదు. చెవులకూ కళ్లకూ రక్షణ లేకుండా దీన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. వేసవిలో ఎండుగడ్డి ఉన్న చోట వాహనంలో నీళ్లు, అగ్నిమాపక సిలిండర్ ఉండి తీరాలి.

ఆకుపచ్చ లేజర్ మంచిదే, కానీ దాని రోజులో పనిగంటలు తక్కువ. 532 నానోమీటర్ల కాంతి మచ్చ నేల మీద జరుగుతూ దగ్గరికొస్తుంటే పక్షి దాన్ని కర్రలాంటి ఆపద అనుకుని లేస్తుంది. తెల్లవారుజామున, సంధ్యవేళ, మబ్బు పట్టినప్పుడు బాగుంటుంది. ఎండలో మచ్చే కనిపించదు. కెనడా బాతుల మీద గట్టిగా పనిచేస్తుంది, స్టార్లింగ్ లాంటి చిన్న పిట్టల మీద అంతంతే. హ్యాంగర్ దూలాల మీద రాత్రి వాలే పావురాలను లేపడానికి కూడా వాడతారు, అయితే అవి మళ్లీ రాకుండా చేసేది వల మాత్రమే. లేజర్ కొంటే గురి క్షితిజ రేఖకు పైకి లేవగానే దానంతట అదే ఆరిపోయే సెన్సర్ ఉన్నదే కొనండి. పైలట్ కంటికి కానీ, టవర్ అద్దానికి కానీ ఆ కాంతి తగలడం పక్షి తగలడం కంటే తక్కువ ప్రమాదం కాదు. ఆ సెన్సర్ లేనిది ఎంత చవకైనా వద్దు.

పక్షి రాడార్ గురించి ఆశలు ఎక్కువ, అపోహలూ ఎక్కువ. రాడార్ పక్షిని తరమదు. ఏ గంటలో, ఏ దిక్కు నుంచి, ఎంత మంద వస్తోందో చెబుతుంది. రాత్రి వలసలు, దూరపు చెరువు నుంచి తెల్లవారుజామున సాగే రాకపోకలు మనిషి కంటికి అందవు. వాటిని పట్టడంలో దీనికి సాటి లేదు. 10 సెంటీమీటర్ల తరంగాల ఎస్ బ్యాండ్ వానలో తక్కువ తికమకపడుతుంది, 3 సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్ చిన్న పక్షిని స్పష్టంగా చూపుతుంది కానీ చినుకులనూ చూపుతుంది. అడ్డంగా తిరిగే విసనకర్ర ఆకారపు కిరణం పక్షి ఎంత ఎత్తులో ఉందో చెప్పలేదు. ఎత్తు కావాలంటే నిలువుగా తిరిగే రెండో యాంటెన్నా కానీ, మూడు కొలతల రాడార్ కానీ ఉండాలి. జాతిని అది నమ్మకంగా గుర్తించదు. కాబట్టి తెర మీద చుక్క కనిపించగానే పైలట్‌కు చెప్పేద్దామన్న ఉద్దేశంతో కొంటే నిరాశ తప్పదు. ఏడాది పొడవునా పోగైన లెక్కలు చూసి గస్తీ సమయాలు మార్చుకునే మనిషి మీ దగ్గర ఉంటే కొనండి. ఆ మనిషి లేకపోతే అది ఖరీదైన తెర, అంతే.

శిక్షణ ఇచ్చిన డేగలు నిజమైన శత్రువు కాబట్టి పక్షులు వాటికి సులభంగా అలవాటుపడవు. కానీ గట్టి గాలిలో, వానలో, చీకట్లో ఎగరవు, పైగా పెంచేవాడి నైపుణ్యం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. డేగ ఆకారపు డ్రోన్లు ఆసక్తికరమైనవే. అయితే విమానాలు తిరిగే రన్‌వే మీద వాటికి అనుమతి, సమన్వయం కుదుర్చుకోవడమే సగం పని.

ఇంత సామగ్రి చెప్పాక, ఖర్చులో మొదటి వాటా వీటిలో దేనికీ ఇవ్వమని చెప్పం. అది గడ్డికి ఇవ్వాలి. గడ్డి కోసే కాంట్రాక్టు ఈ జాబితాలో అన్నింటికంటే విలువైన సేవ, అన్నింటికంటే నిర్లక్ష్యంగా రాసుకునే ఒప్పందం కూడా. పచ్చిక బయలు మీద వాలే సీగల్స్, తీతువులకు పొట్టి గడ్డి ఇష్టం, ఎందుకంటే చుట్టూ కనబడుతుంది, పురుగు అందుతుంది. గడ్డిని 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున దట్టంగా ఉంచితే ఈ రెండూ పోతాయి. ఇది బ్రిటన్ విమానాశ్రయాల్లో బలపడిన పద్ధతి. అన్నిచోట్లా అలాగే పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. ఎలుకలు, పాములు ఎక్కువగా ఉండే చోట ఎత్తు గడ్డి వాటికి దాపు అవుతుంది, వాటి కోసం గద్దలు వస్తాయి. మీ దగ్గర విమానాలకు తగిలిన పక్షుల జాబితాలో గద్దలు పైన ఉంటే ఎత్తు గడ్డి మీద పునరాలోచించండి.

కాంట్రాక్టరుతో ముందే రాసుకోవాల్సినవి ఉన్నాయి. యంత్రం నడిచిన వెంటనే మిడతలు, ఎలుకలు బయటపడతాయి, గంటలోపే కొంగలు, కాకులు, గద్దలు దిగుతాయి. అందుకని విమానాలు తక్కువగా ఉండే రాత్రివేళ కోయాలి. రన్‌వే పక్క నుంచి మొదలుపెట్టి బయటికి జరుగుతూ పోవాలి, అప్పుడు పురుగూ దాని వెనక పక్షీ బయటికే జరుగుతాయి. కోసిన గడ్డిని అక్కడే వదలకూడదు. గింజ పట్టేదాకా ఆగకూడదు. వాన వెలిసిన తెల్లారి వానపాములు రన్‌వే మీదికి పాకుతాయి, ఉసిళ్లు లేస్తాయి. ఆ రోజు మొదటి విమానానికి ముందే ఊడ్చే వాహనం తిరగాలి. ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో లేకపోవడం వల్ల రన్‌వే మీద గుంపులు చేరడం తరచూ జరిగేదే.

కొత్తగా విత్తనం వేసే అవకాశం ఉంటే న్యూజిలాండ్‌లో తయారైన అవానెక్స్ గడ్డిని తప్పక పరిశీలించండి. దాని లోపల ఎండోఫైట్ అనే శిలీంధ్రం బతుకుతుంది. అది తయారుచేసే ఆల్కలాయిడ్ల వల్ల గడ్డి తిన్న పక్షికి కడుపులో తిప్పుతుంది, మళ్లీ ఆ చోటికి రాదు. పురుగులూ తగ్గుతాయి కాబట్టి పురుగు తినే పక్షులూ తగ్గుతాయి. శబ్దంలాగా అలవాటు పడిపోయే వ్యవహారం కాదిది. లోటు ఏమిటంటే ఇది చల్లని వాతావరణపు గడ్డి, వేడి ప్రాంతాల్లో నిలబడదు. కోసిన గడ్డిని పశువుల మేతగా అమ్మకూడదు కూడా.

జంతువుల కంచె గురించి క్లుప్తంగా: జింకలకు 3 మీటర్ల ఎత్తు, పైన మూడు వరసల ముళ్లతీగ. తవ్వుకుని దూరే నక్కలకు, పందులకు కింద 1.2 మీటర్ల వల పాతాలి. గేటు కింద సందు 15 సెంటీమీటర్లు దాటితే కంచె ఎత్తుకు అర్థం లేదు. వాననీటి గుంటలు 48 గంటల్లో ఎండిపోయేలా కట్టాలి. ఎండకపోతే పైన వల వేయాలి.

పరికరం ఏదైనా సరే, ప్రదర్శన రోజు చూసి సంతకం చేయకండి. ఎనిమిది వారాల పరీక్ష అడగండి. మైదానాన్ని భాగాలుగా విడగొట్టండి, రోజూ తెల్లవారుజామున, మధ్యాహ్నం, సంధ్యవేళ ఒక్కో భాగంలో 15 నిమిషాలు పక్షుల్ని జాతివారీగా లెక్కపెట్టండి. పరికరం వాడిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: ఎన్ని లేచాయి, ఎటు వెళ్లాయి, ఎంతసేపటికి తిరిగొచ్చాయి. అన్నింటికంటే మూడోదే అసలు లెక్క. మొదటి వారంలో రెండు గంటలకు తిరిగొచ్చిన గుంపు ఆరో వారంలో ఇరవై నిమిషాలకే తిరిగొస్తుంటే ఆ పరికరాన్ని అమ్మినవాళ్లకే తిప్పి పంపండి. విమానానికి తగిలిన పక్షి ఏ జాతిదో తెలియకపోతే ఈ లెక్కలేవీ అతకవు. కాబట్టి రన్‌వే మీద దొరికిన ఈకను కత్తిరించకుండా, మొదలుతో సహా కవర్లో వేసి, తేదీ, చోటు రాసి గుర్తించే ల్యాబుకు పంపండి. ఇంజిన్ మీద అంటుకున్న రక్తపు మరకైతే ఆల్కహాల్ పూసిన కాగితంతో తుడిచి, ఆ కాగితాన్నే పంపండి. డీఎన్ఏ పరీక్షకు అది చాలు.